చెత్త గుట్ట మూతపడిన తర్వాత: చుట్టుపక్కల ఊళ్ల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్ నగరపు చెత్త మడికొండ పక్కన రాంపూర్ దగ్గర, కరీంనగర్ చెత్త మానేరు ఒడ్డున, నిజామాబాద్ చెత్త నాగారం దగ్గర ఏళ్ల తరబడి పోగుపడింది. చిన్న మున్సిపాలిటీలకు కూడా ఊరి చివర ఏదో ఒక పాత క్వారీ గుంతో, చెరువు శిఖమో, వాగు ఒడ్డో ఇదే పనికి ఉపయోగపడింది. ఇలాంటి ఒక గుట్టకు దగ్గరలోనే పుట్టి పెరిగిన మనిషిగా, గ్రామసభలోనూ బస్టాపులోనూ ఇరుగుపొరుగు వారు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలను, నియమాలు చదివి, నీటి పరీక్షల కాగితాలు చూసి నేను చెప్పగలిగిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను.

లారీలు రావడం ఆగిపోయింది కదా, ఇక ఆ గుట్టతో మనకేం పని?

లారీలు ఆగినంత మాత్రాన కుళ్లడం ఆగదు. పైనుంచి కొత్త చెత్త పడకపోయినా, లోపల గాలి తగలని పొరల్లో కూరగాయల తొక్కలు, కాగితం, బట్ట, కట్టె ముక్కలు ఏళ్ల తరబడి మెల్లగా కుళ్లుతూనే ఉంటాయి. ఆ కుళ్లుడు నుంచి వచ్చే వాయువులో సుమారు సగం మీథేన్, సగం కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి. వాన నీళ్లు గుట్టలోకి ఇంకి, దారిలో తగిలిన ప్రతిదాన్నీ కరిగించుకుని, నల్లటి కషాయంలా అడుగుకు దిగుతాయి. ఇంజనీర్లు లీచేట్ అనే ఈ ద్రవాన్ని మనం చెత్త ఊట అనుకోవచ్చు. కనిపించే కష్టాలైన ఈగలు, కంపు, రోడ్డు మీద రాలే చెత్త ముందు తగ్గుతాయి. కనిపించని కష్టమైన ఊట మాత్రం చాలా ఆలస్యంగా తగ్గుతుంది. 2016 ఏప్రిల్ 8న కేంద్రం ప్రకటించిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు, మూసివేసిన చెత్త స్థలాన్ని కనీసం 15 ఏళ్లు కనిపెట్టుకుని ఉండాలని చెప్పింది ఇందుకే.

అసలు మూసివేయడం అంటే ఏం చేయాలి? గేటుకు తాళం వేస్తే చాలా?

చాలదు. పద్ధతులు రెండున్నాయి. మొదటిది గుట్టను ఉన్నచోటనే ఉంచి కప్పడం. 2016 నియమాల ప్రకారం ఆ కప్పు మూడు పొరలుగా ఉండాలి: నీరు దాదాపు ఇంకని బంకమట్టి 60 సెంటీమీటర్లు, దాని మీద నీరు జారిపోయే పొర 15 సెంటీమీటర్లు, ఆపైన గడ్డీ మొక్కలూ పెరిగే మట్టి 45 సెంటీమీటర్లు. దీనితోపాటు వాయువు బయటికి పోయే గొట్టాలు, ఊటను పట్టి శుద్ధి చేసే ఏర్పాటు ఉండాలి. నాలుగు ట్రాక్టర్ల మొరం చల్లి చదును చేసిన చోటును కప్పిన గుట్ట అనడానికి వీల్లేదు. హైదరాబాద్ దగ్గరి జవహర్‌నగర్ గుట్టను కప్పడం మన రాష్ట్రంలో అందరికీ తెలిసిన పెద్ద ఉదాహరణ.

రెండోది గుట్టను తవ్వి, ఆరబెట్టి, జల్లెడ పట్టి, వేరు చేసి తొలగించడం. దీన్నే బయోమైనింగ్ అంటున్నారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2019 ఫిబ్రవరిలో దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. 2021 అక్టోబరు 1న మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్ పట్టణ రెండో దశ, దేశమంతటా ఉన్న సుమారు 16 కోట్ల టన్నుల పాత చెత్తను ఈ దారిలోనే తొలగించాలని తలపెట్టింది. ఇందోర్‌లోని దేవగురాడియా గుట్టను 2018లో ఈ పద్ధతిలోనే ఖాళీ చేశారు.

నా అభిప్రాయం అడిగితే, అడుగున ఏ పరుపూ లేని పాత గుట్టలకు తవ్వి తీయడమే మేలు. కొత్తగా కట్టే చెత్త గుంతకు అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి, దాని మీద 1.5 మిల్లీమీటర్ల మందపు ప్లాస్టిక్ పొర ఉండాలని 2016 నియమాలు చెప్పాయి. మన పాత గుట్టలు ఆ నియమాలు పుట్టకముందే, వట్టి నేల మీదనే మొదలయ్యాయి. వాటికి పైన ఎంత మంచి గొడుగు పట్టినా అడుగు మాత్రం తెరిచే ఉంటుంది.

మా బోరు నీళ్లు తాగవచ్చా?

నన్ను అందరికంటే ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఇదే కనుక కొంచెం వివరంగా చెబుతాను. గుట్ట చుట్టుపక్కల బోరు నీటిని పరీక్ష చేయించకుండా తాగకూడదు, వంటకు వాడకూడదు. మిషన్ భగీరథ నల్లా వచ్చే ఇళ్లలో తాగడానికీ వండటానికీ ఆ నీటినే వాడటం మేలు. నల్లా రాని రోజున బోరు నీళ్లు పట్టుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఆ ఒక్క రోజు అలవాటే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది.

కంటికి తేటగా కనిపించడం, నోటికి తియ్యగా ఉండటం ఏమీ రుజువు చేయవు. ఊట భూమిలోకి దిగినప్పుడు ముందుగా దూరం ప్రయాణించేది క్లోరైడ్, ఎందుకంటే అది మట్టికి పట్టుకోదు. కాబట్టి బోరు నీళ్లు ఏడాదికేడాది ఉప్పగా మారుతుంటే అది మొదటి హెచ్చరిక. అమ్మోనియా కనిపిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది. నైట్రేట్ విషయంలో మాత్రం తొందరపడి గుట్ట మీదకు నెట్టకూడదు, ఎందుకంటే పొలాల్లో వేసే యూరియా నుంచి, ఇళ్ల మరుగుదొడ్ల గుంతల నుంచి కూడా అది వస్తుంది. ఫ్లోరైడ్ అయితే మన నేలలో రాతి నుంచే వస్తుంది, దానికి గుట్టతో సంబంధం లేదు. ఈ తేడా తెలియక, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న కాగితం పట్టుకుని వెళ్లి గుట్ట మీద ఫిర్యాదు చేసి, అది చెల్లదనిపించుకుని తిరిగి వచ్చినవారు ఉన్నారు. వారి బాధ నిజమే, కానీ చేతిలో ఉన్న కాగితం వేరే సంగతి చెబుతోంది.

తాగునీటికి భారతీయ ప్రమాణం 10500 పెట్టిన హద్దులు కొన్ని గుర్తుంచుకోవడం మంచిది. లీటరుకు కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీటి ఆధారం లేకపోతే 2000 వరకు సహిస్తారు. క్లోరైడ్ 250 లోపు, వేరే దారి లేకపోతే 1000 వరకు. నైట్రేట్‌కు 45 దాటితే ఎలాంటి సడలింపూ లేదు, సీసానికి 0.01 దాటితే సడలింపు లేదు. పసిపిల్లలకు పాలపొడి కలిపే నీటిలో నైట్రేట్ ఎక్కువగా ఉంటే రక్తం ప్రాణవాయువును మోయలేక బిడ్డ ఒళ్లు నీలిబారే ప్రమాదం ఉంది. నీటిని మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ నైట్రేటూ సీసమూ పోవు, నీరు ఆవిరైన కొద్దీ అవి మరింత చిక్కబడతాయి.

చేతిలో పట్టుకునే చిన్న టీడీఎస్ మీటరు కరిగిన లవణాల మొత్తాన్ని మాత్రమే చూపుతుంది. అందులో సీసం ఉందో కాడ్మియం ఉందో అది చెప్పలేదు. కనుక ప్రయోగశాలకు నమూనా ఇచ్చేటప్పుడు పీహెచ్, లవణాలు, క్లోరైడ్, నైట్రేట్, అమ్మోనియాతో పాటు సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్, ఆర్సెనిక్, పాదరసం కూడా చూడమని రాసి ఇవ్వాలి. గుట్టకు ఎగువన ఉన్న ఒక బావి నీటిని కూడా అదే రోజు తీసి పంపాలి. ఎగువ బావికీ దిగువ బావికీ తేడా కనిపించినప్పుడే ఆ కాగితానికి బలం వస్తుంది. ఒక్క బోరు ఫలితం ఒంటరి సాక్షి లాంటిది.

గుట్టకు ఎంత దూరంలో ఉంటే భయం లేదు?

దూరం కంటే దిక్కు ముఖ్యం. 2016 నియమాలు దూరాలు చెప్పాయి: చెత్త స్థలం నదికి 100 మీటర్లు, చెరువుకూ ఇళ్లకూ హైవేకూ తాగునీటి బావులకూ 200 మీటర్లు ఎడంగా ఉండాలి. అవి స్థలం ఎంపిక చేసేటప్పుడు చూడవలసిన కొలతలే తప్ప, 201వ మీటరు దగ్గర ఊట ఆగిపోతుందన్న హామీ కాదు.

మన నేల సంగతి తెలిస్తే ఇది బాగా అర్థమవుతుంది. వరంగల్ చుట్టుపక్కల పైన కొంత మట్టి, మొరం, దాని కింద గట్టి రాయి ఉంటాయి. నీరు రాతిలో ఎటుపడితే అటు పోదు, పగుళ్ల వెంటనే పోతుంది. అందుకే గుట్టకు ఆనుకుని ఉన్న ఒక బోరు బాగానే ఉండి, అదే పగులు మీద పడిన దూరపు బోరు చెడిపోవచ్చు. పక్కింటి బోరు ఫలితాన్ని మన బోరుకు అన్వయించుకోకూడదు.

భూమి పైన నీటి దారి మాత్రం మనకు కాకతీయుల కాలం నుంచి తెలిసిందే. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు ఒర్రె పట్టుకుని కింది చెరువుకు చేరుతుంది. గొలుసుకట్టు చెరువుల్లో పైదాని పక్కన గుట్ట ఉంటే, దాని ఊట కింది చెరువుల ఆయకట్టుకు కూడా సంబంధించిన విషయమే. గుట్ట నుంచి బయలుదేరే ఒర్రె ఏ చెరువులో కలుస్తుందో మీ ఊళ్లో చెరువు నీళ్లు పారించే నీరటికాడిని అడగండి, మ్యాపు కంటే ముందు ఆయన చెబుతాడు.

పెద్ద వాన పడితే మూసిన గుట్ట కొట్టుకుపోతుందా?

వాగు ఒడ్డునో నది ఒడ్డునో ఉన్న గుట్ట విషయంలో ఈ భయం సమంజసమే. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వానల్లో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచేసింది. మనుషులు ఇళ్ల కప్పుల మీదకెక్కి ప్రాణాలు కాపాడుకున్న ఆ ఉదయాన్ని ఈ ప్రాంతంలో ఎవరూ మర్చిపోలేదు. అలాంటి వాగు పక్కన వట్టి మొరం కప్పిన చెత్త ఉంటే దాని గతి ఏమిటో ఊహించవచ్చు.

ఊహతో పని లేకుండా న్యూజిలాండ్‌లో జరిగింది చూడవచ్చు. 2019 మార్చిలో ఆ దేశపు పడమటి తీరంలో కుండపోత వాన పడి, ఫాక్స్ నది తన ఒడ్డున ఎప్పుడో మూసేసిన పాత చెత్త గుంతను కోసేసింది. చెత్త నది వెంట సముద్రానికి చేరి, తీరం పొడవునా ఇసుకలో చెల్లాచెదురైంది. వాలంటీర్లు, సైనికులు నెలల తరబడి చేతులతో ఏరవలసి వచ్చింది. అది ఊళ్లు పలచగా ఉన్న చోటు. మన మానేరు, గోదావరి ఒడ్డున ఊరు తర్వాత ఊరు ఉంటుంది, ఆ నీటి మీదే పంటలు పండుతాయి. అందువల్ల నది ఒడ్డున ఉన్న గుట్టను కప్పి వదిలేయడం కాకుండా, పూర్తిగా తీసేయమని అడగడం న్యాయం.

చెత్త వేయడం మానేసినా పొగ ఎందుకు వస్తోంది? రాత్రిపూట కంపు ఎందుకు ఎక్కువ?

లోపల కుళ్లే చెత్త వేడెక్కుతుంది, మీథేన్ దానికి తోడవుతుంది. ఎండాకాలంలో పగుళ్ల గుండా గాలి చొరబడితే నిప్పు రాజుకుంటుంది. కొన్నిసార్లు తీగల్లోని రాగి కోసం ఎవరైనా పెట్టిన చిన్న మంటే లోపలికి పాకుతుంది. పైన నీళ్లు చల్లితే పొగ ఎక్కువవుతుందే గానీ లోతున ఉన్న నిప్పు ఆరదు. తవ్వి, విడదీసి, తడిపి, మట్టితో ఊపిరాడకుండా చేయాలి. 2023 మార్చిలో కొచ్చి దగ్గరి బ్రహ్మపురంలో చెలరేగిన మంటను ఆర్పడానికి పది రోజులకు పైగా పట్టింది.

ప్లాస్టిక్ కాలిన పొగలో డయాక్సిన్లు అనే విషాలు ఉంటాయి. ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు, చిన్నపిల్లలు ఆ పూట పొగ వీచే వైపు నుంచి దూరంగా వెళ్లాలి. గుడ్డ మాస్కు ఆ పొగను ఆపదు.

చలికాలపు రాత్రుల్లో నేలకు ఆనుకున్న చల్లగాలి పైకి లేవకుండా మూత పెట్టినట్టు నిలిచిపోతుంది, వాసన కూడా దానితోపాటే ఇళ్ల మధ్య నిలుస్తుంది. ఫిర్యాదు చేసేటప్పుడు తేదీ, సమయం, గాలి వీచిన దిక్కు రాసుకుంటే, పట్టపగలు తనిఖీకి వచ్చి ఇక్కడ వాసనే లేదు కదా అనేవారికి జవాబు ఇవ్వగలుగుతాము.

తవ్విన మట్టి ఉచితంగా ఇస్తామంటున్నారు. పొలానికి తోలుకోవచ్చా?

వద్దు. చెరువు పూడిక మట్టిని పొలానికి తోలుకోవడం మనకు తరతరాల అలవాటు, మిషన్ కాకతీయలో మళ్లీ ఊరూరా చేశాము. ఆ అలవాటు వల్లనే జల్లెడ నుంచి రాలిన ఈ నల్లమట్టిని చూడగానే రైతు చేయి చాస్తాడు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. కానీ చెరువు మట్టి వాన కొట్టుకొచ్చిన నేల, ఇది బ్యాటరీలూ ట్యూబులైట్లూ రంగుడబ్బాలూ కలిసి కుళ్లిన చెత్త నుంచి రాలిన పొడి. సీసం, కాడ్మియం వంటి లోహాలు, కంటికి కనిపించని ప్లాస్టిక్ ముక్కలు అందులో ఉండే అవకాశం ఎక్కువ. ఒకసారి నేలలో కలిసిన లోహాన్ని తిరిగి తీయలేము. ఆకుకూరలు దాన్ని పీల్చుకుంటాయి, వరి కాడ్మియంను గింజ దాకా తీసుకుపోగలదు.

గుంతలు పూడ్చడానికి, గుట్ట చోటునే చదును చేయడానికి, పరీక్ష చేసిన మీదట రోడ్డు కట్టకు దాన్ని వాడవచ్చు. మిగిలిన ప్లాస్టిక్, గుడ్డ, రబ్బరు ముక్కలను సిమెంటు బట్టీల్లో బొగ్గుకు తోడుగా కాలుస్తారు. రాళ్లూ ఇటుక ముక్కలూ నింపుడుకు పోతాయి. ఏ భాగం ఎన్ని టన్నులు ఎక్కడికి వెళ్లిందో లెక్క ఉండాలి. ఆ లెక్క లేకుండా గుట్ట మాయమైందంటే అది ఇంకో ఊరి శిఖంలో తేలినట్టే అనుకోవాలి.

బర్రెలు, గొర్రెలు అక్కడ మేయవచ్చా?

మేపవద్దు. తిన్న ప్లాస్టిక్ పశువు కడుపులో ఉండచుట్టుకుని అక్కడే ఉండిపోతుంది. కప్పిన గుట్ట మీద పచ్చగడ్డి ఎంత ఏపుగా ఉన్నా అది మట్టి కొట్టుకుపోకుండా పెంచిన గడ్డి, మేతకు కాదు. దిగువన నల్లగా నిలిచిన నీటి దగ్గరికి మందను పోనివ్వకూడదు.

దగ్గరలో వెంచర్లు వెలుస్తున్నాయి. ప్లాటు కొనవచ్చా?

గుట్ట ఉన్న స్థలంలోనైతే, 15 ఏళ్ల పర్యవేక్షణ పూర్తయి, వాయువూ ఊటా ప్రమాణాలకు లోబడి ఉన్నాయని, నేల కుంగదని తేలిన తర్వాతే నివాసానికి ఆలోచించాలని 2016 నియమాలే చెప్పాయి. ముంబయిలోని మలాడ్‌లో పాత చెత్త స్థలం మీద కట్టిన ఆఫీసుల్లో, కింది నుంచి వచ్చే వాయువుల వల్ల కంప్యూటర్ పరికరాలు తుప్పుపట్టి పాడైన సంగతి చాలామందికి తెలుసు. ఇనుమూ రాగీ తినేసే గాలి మనిషి ఊపిరితిత్తులకు మంచిదని ఎవరూ అనలేరు.

పక్క స్థలాల విషయంలో బోరు నీటి పరీక్ష కాగితం చూడకుండా బయానా ఇవ్వవద్దు. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం వరకు కలిసినప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది కనుక, ఆ చుట్టుపక్కల నేలమాళిగలు కట్టకపోవడం మంచిది. పాడుబడిన బావిలోకి దీపం పట్టుకుని దిగడం, అసలు ఒంటరిగా దిగడం ఎప్పుడూ చేయకూడదు.

గుట్ట మీద చెత్త ఏరుకుని బతికినవారి సంగతేమిటి?

మూసివేత గురించి మాట్లాడేటప్పుడు అందరికంటే ఆలస్యంగా గుర్తొచ్చేది వీరే. మనం ముక్కు మూసుకుని దాటిపోయిన చోట వీరు ఎండలో నిలబడి, ఇనుమూ అట్టా సీసాలూ వేరు చేసి, ఆ మేరకు గుట్ట పెరగకుండా చూశారు. చెత్త ఏరేవారిని గుర్తించి వ్యవస్థలో కలుపుకోవాలని 2016 నియమాలు స్థానిక సంస్థలకు చెప్పాయి. బయోమైనింగ్ పనిలోనూ, పొడి చెత్త కేంద్రాల్లోనూ మొదటి ఉద్యోగాలు వారికే దక్కాలి. చేతి తొడుగులు, బూట్లు, గుర్తింపు కార్డు, వైద్య పరీక్ష అందాలి. గ్రామసభ తీర్మానంలో ఈ ఒక్క వాక్యం చేర్చమని నేను ప్రతిచోటా అడుగుతుంటాను.

సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఇలాంటి గుట్టలు ఏమయ్యాయి?

అందరూ చెప్పుకునేది న్యూయార్క్ నగరంలోని స్టాటెన్ ఐలండ్ మీద ఉన్న ఫ్రెష్ కిల్స్. 1948లో ఆటుపోట్ల చిత్తడి నేలలో మొదలై, సుమారు 2,200 ఎకరాల స్థలంగా పెరిగి, 2001 మార్చిలో మూతపడింది. దాన్ని కప్పి, వాయువును గొట్టాలతో పట్టి, ఊటను శుద్ధి చేస్తూ, భాగాలు భాగాలుగా పార్కుగా మారుస్తున్నారు. ఉత్తర భాగంలో మొదటి ముక్క 2023లో ప్రజలకు తెరుచుకుంది. అంటే మూతపడిన 22 ఏళ్లకు. అంత డబ్బూ యంత్రాంగమూ ఉన్న నగరానికే అంత కాలం పట్టిందంటే, మన దగ్గర రెండేళ్లలో పార్కు అని బోర్డు పెట్టినప్పుడు కింద ఏం చేశారో అడగవలసిందే. మన తెలుగువాళ్ల తీరంలో విశాఖపట్నం చెత్త చేరిన కాపులుప్పాడ కూడా భీమునిపట్నం వెళ్లే దారిలో, సముద్రానికి దగ్గరలోనే ఉంది. తీరంలో ఊట ఉప్పునీటిలో కలుస్తుంది, మన దగ్గర మంచినీటి చెరువులో కలుస్తుంది. మన జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలి.

ఎవరిని, ఎలా అడగాలి?

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. దాని నకలు కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి పంపండి. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. అందులో సమస్యలు ఎప్పుడు తీరుస్తారు అని అడిగితే ఉపయోగం లేదు, ఉన్న కాగితాలు అడగాలి: భూగర్భ జల పరీక్షల నివేదికలు, ఊట శుద్ధి రికార్డులు, తవ్విన చెత్త తూకం పుస్తకం, మట్టి ఎక్కడికి తోలారన్న లారీ చిట్టీలు. గుట్ట అంచు నుంచి 50 మీటర్ల లోపు భూగర్భ జలాన్ని వేర్వేరు కాలాల్లో పరీక్షించాలని 2016 నియమాలు చెప్పాయి కనుక, ఆ నివేదికలు ఇవ్వడం వారి బాధ్యత.

అప్పటికీ కదలిక లేకపోతే జాతీయ హరిత ట్రైబ్యునల్ ఉంది; తెలంగాణ చెన్నై ధర్మాసనం పరిధిలోకి వస్తుంది. పర్యావరణ వివాదమైతే కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలల్లో, నష్టపరిహారమైతే అయిదేళ్లలో వెళ్లాలి. ఈ గడువులు తెలియక ఆగిపోయిన ఊళ్లు ఉన్నాయి. మొదటి పరీక్ష కాగితం తేదీ అందుకే విలువైనది.

ఊరి తరఫున ఇప్పుడే మొదలుపెట్టగల పని ఏమైనా ఉందా?

ఉంది, దానికి పెద్ద ఖర్చు కూడా లేదు. గుట్టకు ఎగువన ఒకటి, దిగువన మూడు నాలుగు బోర్లు ఎంచుకుని వాటికి నంబర్లు వేయండి. ఎండాకాలం చివర ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి, అవే బోర్ల నుంచి నమూనాలు తీసి పరీక్షకు పంపండి. సీసాను అదే నీటితో కడిగి, మోటరు కొంతసేపు నడిచాక నింపి, బోరు నంబరు, తేదీ, సమయం రాసి అంటించాలి. ఫలితాలన్నీ ఒకే పుస్తకంలో ఎక్కించి, ఆ పుస్తకాన్ని ఒక మనిషి ఇంట్లో కాకుండా గ్రామ పంచాయతీలో ఉంచాలి, ఎందుకంటే సర్పంచులు మారతారు, మనుషులు ఊళ్లు మారతారు. మా ఊళ్లో మొదటి పేజీ మీద క్లోరైడ్ అంకె ఒక్కటే ఉంది. మిగతా గడులు ఖాళీగా ఉన్నాయి, ఎందుకంటే ఆ రోజు మాకు ఏమేం అడగాలో తెలియదు. రెండో పేజీ నుంచి అన్నీ నింపుతున్నాము.